ఆవులో పడిపోయి, కుక్కలో పెరిగిన తెల్లకణాలు: రెండు రిపోర్టులు ఎలా చదవాలి?

ముందు మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న తీరు చెబుతాను. ఒకే వారంలో రెండు రక్తపరీక్షల రిపోర్టులు చూశారు. మొదటిది రాత్రికి రాత్రి పొదుగువాపు వచ్చి, జ్వరంతో మేత మానేసిన పాడి ఆవుది. మొత్తం తెల్లకణాలు మైక్రోలీటరుకు 3,200. అందులో ఎదిగిన న్యూట్రోఫిల్స్ (బ్యాక్టీరియాను మింగే తెల్లకణాలు) 12 శాతం, బ్యాండ్లు (పూర్తిగా ఎదగని న్యూట్రోఫిల్స్) 18, మెటామైలోసైట్లు (అంతకంటే లేతవి) 4, లింఫోసైట్లు 60, మోనోసైట్లు 5, ఇయోసినోఫిల్స్ 1. రెండోది గర్భాశయంలో చీము పట్టిన ఆడకుక్కది. మొత్తం 58,000. ఎదిగిన న్యూట్రోఫిల్స్ 74 శాతం, బ్యాండ్లు 14, లింఫోసైట్లు 2, మోనోసైట్లు 10, ఇయోసినోఫిల్స్ సున్నా. రెండూ బ్యాక్టీరియా జబ్బులే కదా, ఒకచోట పడిపోయి ఇంకోచోట అంత ఎందుకు పెరిగాయి? ఆవుకి లింఫోసైట్లు 60 శాతం ఉన్నాయంటే వైరస్ అనుకోవాలా? అసలు ఈ కణాలు ఎలా పుడతాయో, ఎలా ఎదుగుతాయో చెప్పే చాప్టర్ పరీక్షకి బట్టీ పట్టడానికి తప్ప దేనికైనా పనికొస్తుందా? ఇవీ మీ ప్రశ్నలు.

చివరిదాంతో మొదలుపెడతాను. ఆ చాప్టర్ లేకుండా ఈ రెండు రిపోర్టులూ అర్థం కావు. రక్తంలో కనిపించే సంఖ్య ఎప్పుడూ మూడు విషయాల మీద ఆధారపడుతుంది: ఎముక మూలుగ ఎన్ని కణాలు పంపుతోంది, పంపినవాటిలో ఎన్ని రక్తనాళాల గోడలకు అంటుకుని ఉన్నాయి, ఎన్ని నాళం దాటి కణజాలంలోకి పోతున్నాయి. ఈ మూడూ జంతువు జంతువుకీ మారతాయి. కుక్కకి నేర్చుకున్న లెక్క ఆవుకి వేస్తే తప్పేది అందుకే.

అయితే దానికంటే ముందు శాతాలను పక్కన పెట్టండి. శాతాన్ని మొత్తంతో గుణించి అసలు సంఖ్య తీయకుండా ఏ మాటా అనకూడదు. మీ ఆవు లింఫోసైట్లు 60 శాతం అంటే 1,920. పెద్ద ఆవుకి మామూలుగా 2,500 నుంచి 7,500 దాకా ఉంటాయి. అంటే 60 శాతం ఉన్నా మీ ఆవుకి లింఫోసైట్లు తగ్గాయి. కుక్కకి 2 శాతమే అయినా సంఖ్య 1,160. కుక్కకి కింది హద్దు సుమారు 1,000 కాబట్టి అది అంచున ఉన్నా హద్దులోనే ఉంది. శాతాలు చూసి మీరు అనుకున్నది రెండు చోట్లా తలకిందులైంది. పైగా ఆవులు, గొర్రెలు, మేకల్లో ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా లింఫోసైట్లే ఎక్కువ. ఆవులో రెండు లింఫోసైట్లకు ఒక న్యూట్రోఫిల్ ఉంటే, కుక్కలో ఒక లింఫోసైట్‌కు మూడు, మూడున్నర న్యూట్రోఫిల్స్ ఉంటాయి. పిల్లిలోనూ న్యూట్రోఫిల్స్‌దే పైచేయి. గుర్రంలో రెండూ దాదాపు సమానం. పందిలో లింఫోసైట్లు కాస్త ఎక్కువ, మొత్తం సంఖ్య కూడా మిగతా జంతువుల కన్నా ఎక్కువే: 11,000 నుంచి 22,000 దాకా మామూలే. అదే 20,000 ఆవులో కనిపిస్తే కంగారు పడాలి.

ఇక పుట్టుక. పిండంలో మొదట సొనసంచిలో, తర్వాత కాలేయంలో, ప్లీహంలో రక్తకణాలు తయారవుతాయి. పుట్టేనాటికి ఆ పని చాలావరకు మూలుగకు చేరుతుంది. పెద్ద జంతువులో రొమ్ము ఎముక, పక్కటెముకలు, వెన్నుపూసలు, తుంటి ఎముక, పొడవు ఎముకల కొనలు ఈ పని చేస్తాయి. అన్ని రక్తకణాలకూ మూలకణం ఒక్కటే. అక్కడి నుంచి ఒక దారి లింఫోసైట్ల వైపు, ఇంకోటి మిగతా తెల్లకణాలు, ఎర్రకణాలు, ప్లేట్‌లెట్ల వైపు చీలుతుంది.

న్యూట్రోఫిల్ దారిని మాత్రం నిదానంగా చదవండి, మీ రెండు కేసులూ అక్కడే తేలతాయి. మైలోబ్లాస్ట్, ప్రోమైలోసైట్, మైలోసైట్: ఈ మూడు దశల్లో కణం విభజన చెందుతుంది. నాలుగైదు విభజనలు జరిగితే ఒక్క మైలోబ్లాస్ట్ నుంచి 16 నుంచి 32 కణాలు వస్తాయి. ప్రోమైలోసైట్‌లో మొదటి రకం రేణువులు ఏర్పడతాయి. ఇది న్యూట్రోఫిల్ అవుతుందా, ఇయోసినోఫిల్ అవుతుందా, బేసోఫిల్ అవుతుందా అన్నది స్మియర్‌లో (గాజు పలక మీద పలచగా పరిచి రంగు వేసిన పొరలో) మన కంటికి తెలిసేది మైలోసైట్‌లో ప్రత్యేక రేణువులు వచ్చాకే. ఆ తర్వాత విభజన ఆగిపోతుంది. మెటామైలోసైట్‌లో కేంద్రకం చిక్కుడు గింజలా నొక్కుకుంటుంది, బ్యాండ్‌లో అంచులు సమాంతరంగా ఉన్న వంపు పట్టీ అవుతుంది, చివరికి తమ్మెలుగా విడిపోతుంది. మామూలు రోజుల్లో ఈ ప్రయాణానికి దాదాపు వారం పడుతుంది. ఇంత కష్టపడి తయారైన కణం రక్తంలో ఉండేది గంటల లెక్కన మాత్రమే. సగం కణాలు సుమారు 6 నుంచి 10 గంటల్లో నాళాలు వదిలి కణజాలంలోకి వెళ్లిపోతాయి, మళ్లీ వెనక్కి రావు. న్యూట్రోఫిల్‌కి రక్తం దారి మాత్రమే, నివాసం కాదు.

విభజన ఆగిపోయిన మెటామైలోసైట్లు, బ్యాండ్లు, ఎదిగిన న్యూట్రోఫిల్స్ మూలుగలో నిల్వగా ఉంటాయి. ఈ నిల్వను ఇంటి గాదె అనుకోండి. కుక్క గాదె పెద్దది, కొన్ని రోజులకు సరిపడా సరుకు సిద్ధంగా ఉంటుంది. ఆవు గాదె చాలా చిన్నది. ఇన్ఫెక్షన్ మొదలవగానే వాపు ఉన్నచోటి నుంచి వచ్చే సంకేతాలు గాదె తలుపు తెరుస్తాయి. ముందు ఎదిగినవి బయటికి వస్తాయి, అవి చాలకపోతే బ్యాండ్లు, ఇంకా చాలకపోతే మెటామైలోసైట్లు. లేత కణాలు రక్తంలోకి రావడాన్నే లెఫ్ట్ షిఫ్ట్ అంటున్నాం. అదే సమయంలో గ్రాన్యులోసైట్ కాలనీ స్టిమ్యులేటింగ్ ఫ్యాక్టర్ వంటి సంకేతాలు విభజన దశను వేగం చేస్తాయి, కానీ ఆ కొత్త పంట చేతికి రావడానికి రోజులు పడుతుంది.

ఇప్పుడు మీ కుక్కను చూడండి. గర్భాశయంలో చీము ఒక్క రోజులో పట్టేది కాదు. రోజుల తరబడి లోపలికి న్యూట్రోఫిల్స్ పోతూనే ఉన్నాయి, మూలుగ ఉత్పత్తిని పెంచుకోవడానికి దానికి సమయం దొరికింది. అందుకే ఎదిగినవి దాదాపు 43,000, బ్యాండ్లు 8,000 పైన. బ్యాండ్లు చాలానే ఉన్నాయి, కానీ ఎదిగినవాటి కంటే బాగా తక్కువ. అంటే మూలుగ డిమాండ్‌ను అందుకుంటోంది. మోనోసైట్లు 5,800, ఇయోసినోఫిల్స్ సున్నా, లింఫోసైట్లు అంచున ఉన్నాయంటే కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ ప్రభావం కూడా తోడైంది. జబ్బుతో ఒత్తిడిలో ఉన్న కుక్కలో కార్టిసాల్ న్యూట్రోఫిల్స్‌ను, మోనోసైట్లను పెంచి, మిగతా రెండింటినీ తగ్గిస్తుంది. స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చినా ఇదే బొమ్మ కనిపిస్తుంది కాబట్టి రిపోర్టు చదివే ముందు ఏ మందులు వేశారో అడగండి.

ఆవు సంగతి వేరు. ఈ.కోలై వంటి కోలిఫామ్ బ్యాక్టీరియా వల్ల వచ్చే పొదుగువాపు గంటల్లో ముదురుతుంది. మీ ఆవుకి ఏ సూక్ష్మజీవి అన్నది పాల కల్చర్ చెప్పాలి గానీ, రాత్రికి రాత్రి వచ్చిన తీరు చూస్తే నా అనుమానం అటే. ఆ బ్యాక్టీరియా గోడ నుంచి విడుదలయ్యే ఎండోటాక్సిన్ వల్ల న్యూట్రోఫిల్స్ నాళాల గోడలకు అంటుకుపోతాయి, అక్కడి నుంచి పొదుగులోకి దూకుతాయి. పొదుగు ఎంత పెద్ద అవయవమో మీకు తెలుసు. ఆరోగ్యంగా ఉన్న పొదుగు పాలల్లో మిల్లీలీటరుకు లక్ష లోపు కణాలు ఉంటే, తీవ్రమైన వాపులో అవి లక్షల్లోకి, కోట్లలోకి పోతాయి. ఆ కణాల్లో ఎక్కువ భాగం న్యూట్రోఫిల్సే. రక్తంలో కనపడని మీ కణాలు అక్కడున్నాయి! చిన్న గాదె ఒక పూటలో ఖాళీ అయింది, కొత్త పంట ఇంకా రాలేదు. అందుకే ఎదిగినవి 384 మాత్రమే మిగిలి, బ్యాండ్లు 576తో వాటిని మించాయి, 128 మెటామైలోసైట్లు కూడా బయటికి వచ్చేశాయి.

లేత కణాలు ఎదిగినవాటిని మించి, మొత్తం సంఖ్య పెరగకపోవడం కుక్కలో చాలా చెడ్డ సూచన. మూలుగ చేతులెత్తేసిందని అర్థం. కానీ ఆవులో తీవ్రమైన వాపు మొదటి ఒకటి రెండు రోజుల్లో ఇది ఊహించదగినదే. ఈ ఒక్క తేడా తెలియక, ఇక లాభం లేదని ఆవును వదిలేసినవాళ్లు ఉన్నారు. అలాగని తేలిగ్గా తీసుకోమని కాదు, జబ్బు తీవ్రమైనదే. మొదటి రోజు రిపోర్టుతో మాత్రం భవిష్యత్తు చెప్పకండి. ఆవుల్లో, గుర్రాల్లో తెల్లకణాల సంఖ్య కంటే ఫైబ్రినోజెన్ (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్రొటీన్) వాపును నమ్మకంగా పట్టిస్తుంది. ఆవుకి డెసిలీటరుకు 300 నుంచి 700 మిల్లీగ్రాములు మామూలు. ప్లాస్మాను 56 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేడిచేసి చూసే పాత పద్ధతి చిన్న ల్యాబ్‌లో కూడా చేసుకోవచ్చు. అయితే అది పెరగడానికి ఒకటి రెండు రోజులు పడుతుందని గుర్తుంచుకోండి. ఇంకో మాట: కుక్కలో 60,000 అయినా, 80,000 అయినా చీము గర్భాశయానికి కొత్తేం కాదు. ఆవులో, గుర్రంలో 30,000 దాటడమే అరుదు. అందుకే ఆవులో 18,000 చూసి ‘కాస్త పెరిగింది’ అని రాయకండి.

గోడకు అంటుకునే కణాల విషయానికి పిల్లి మంచి ఉదాహరణ. కుక్కలో ప్రవహించే న్యూట్రోఫిల్స్, గోడలకు ఆనుకుని ఉండేవి దాదాపు సమానం. పిల్లిలో ఆనుకున్నవి ప్రవహించేవాటికి మూడు రెట్లు. మనం సిరంజితో లాగేది ప్రవహించేవాటినే. భయపడి గింజుకున్న పిల్లిలో అడ్రినలిన్ వల్ల గోడనున్నవన్నీ ఒక్కసారిగా ప్రవాహంలోకి వస్తాయి. ఏ జబ్బూ లేకుండానే సంఖ్య రెండు మూడింతలు కావచ్చు. దాంతోపాటు లింఫోసైట్లు కూడా, ముఖ్యంగా పిల్ల వయసులో, 20,000 దాకా ఎక్కవచ్చు. ఇది చూసి లుకేమియా అని యజమానికి టెన్షన్ పెట్టకముందు, పిల్లిని కాసేపు నెమ్మదిపరిచి మళ్లీ రక్తం తీయండి. అడ్రినలిన్ బొమ్మలో బ్యాండ్లు ఉండవు, లింఫోసైట్లు పెరుగుతాయి. కార్టిసాల్ బొమ్మలో లింఫోసైట్లు తగ్గుతాయి. రెండూ ఒత్తిడే అయినా ఇలా విడదీయొచ్చు.

ఈ గోడ దాటే పని ఎంత ముఖ్యమో ఒక పుట్టుజబ్బు చూపిస్తుంది. హోల్‌స్టీన్ దూడల్లో సీడీ18 అనే ప్రొటీన్ జన్యువులో ఒక్క అక్షరం తప్పు వల్ల న్యూట్రోఫిల్స్‌కు గోడను గట్టిగా పట్టుకునే శక్తి ఉండదు. ఆ మార్పు ఏమిటో 1992లో తేల్చారు. ఆస్‌బోర్న్‌డేల్ ఐవన్‌హో అనే ఆబోతు సంతతి ద్వారా, కృత్రిమ గర్భధారణ పుణ్యమా అని, అది చాలా దేశాలకు పాకింది. ఈ దూడల రక్తంలో న్యూట్రోఫిల్స్ పదుల వేలల్లో, ఒక్కోసారి లక్ష దాటి ఉంటాయి. అయినా న్యుమోనియాతో, విరేచనాలతో, నోటి పుండ్లతో చనిపోతాయి. రక్తం నిండా సైన్యం ఉంది, గాయం దగ్గరికి మాత్రం ఒక్కటీ చేరదు. సంఖ్య పెద్దదైనంత మాత్రాన రక్షణ ఉన్నట్టు కాదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

మూలుగే దెబ్బతింటే ఏమవుతుందో కుక్కపిల్లలకు వచ్చే పార్వో వైరస్ చెబుతుంది. వేగంగా విభజన చెందే కణాలే దానికి కావాలి. అందుకే పేగు లోపలి పొరను, మూలుగలోని విభజన దశను కలిపి కొడుతుంది. ఒకవైపు పేగులోంచి బ్యాక్టీరియా చొరబడుతుంటే, మరోవైపు న్యూట్రోఫిల్స్ తయారీ ఆగిపోతుంది. పిల్లుల్లో దీని బంధువైన పాన్‌ల్యూకోపీనియా వైరస్ మొత్తం తెల్లకణాలను 1,000 లోపుకి కూడా దించగలదు. ఇక్కడ మోనోసైట్లను గమనించండి. వాటికి మూలుగలో చెప్పుకోదగ్గ నిల్వ లేదు, తయారైన వెంటనే బయటికి వస్తాయి, ఎదగడానికి పట్టే సమయం కూడా తక్కువ. అందువల్ల మూలుగ కోలుకునేటప్పుడు న్యూట్రోఫిల్స్ కంటే ముందు మోనోసైట్లు పెరగడం చూస్తాం. పార్వో కుక్కపిల్లలో మోనోసైట్లు కాస్త పైకి కదిలితే, మరుసటి ఒకటి రెండు రోజుల మీద నాకు ఆశ కలుగుతుంది. రక్తంలో కొద్దిగంటలో, రోజో ఉండి కణజాలంలోకి వెళ్లాక ఇవే మాక్రోఫేజ్‌లు (సూక్ష్మజీవులను, చెత్తను మింగే పెద్ద కణాలు) అవుతాయి.

ఇయోసినోఫిల్, బేసోఫిల్ గురించి పుస్తకాలు పేజీలు నింపుతాయి గానీ రిపోర్టులో చెప్పేది తక్కువ. ఇంటర్‌ల్యూకిన్ 5 అనే సంకేత ప్రొటీన్ ఆదేశంతో పెరిగే ఇయోసినోఫిల్స్ అలర్జీకి, కణజాలంలోకి చొచ్చుకుపోయే పురుగులకు సూచన. పేగు గొట్టంలో ఊరికే తిరిగే పురుగులకు అంతగా పెరగవు. ఆకారం మాత్రం చూడముచ్చటగా ఉంటుంది. గుర్రంలో రేణువులు పెద్దవి, గుండ్రటివి, కణమంతా నిండి ఉంటాయి. పిల్లిలో సన్నటి కడ్డీల్లా ఉంటాయి. కుక్కలో రకరకాల సైజులు, గ్రేహౌండ్లలో రేణువులు రంగు పట్టక ఖాళీ బుడగల్లా కనిపిస్తాయి, విషప్రభావం ఉన్న న్యూట్రోఫిల్ అని పొరబడే వీలుంది. బేసోఫిల్స్ ఎలాగూ అరుదు. పిల్లిలో వాటి రేణువులు లేత ఊదా రంగువి, చాలామంది గుర్తుపట్టకుండానే దాటిపోతారు.

లింఫోసైట్ల కథ వేరే దారి. మూలుగలో పుట్టినా కొన్ని థైమస్‌కు వెళ్లి టీ కణాలవుతాయి. యాంటీబాడీలు తయారుచేసే బీ కణాలు ఎక్కడ ఎదుగుతాయన్నది జంతువును బట్టి ఉంటుంది. కోళ్లలో మలద్వారం దగ్గరున్న బర్సా ఆఫ్ ఫాబ్రీషియస్‌లో. చిన్నప్పుడే ఆ అవయవం తీసేసిన కోళ్లు యాంటీబాడీలు సరిగా తయారుచేయలేవని బ్రూస్ గ్లిక్, టిమోతీ చాంగ్ బృందం 1956లో ప్రచురించింది. గొర్రెపిల్లల్లో చిన్నపేగు చివరి భాగంలోని పేయర్స్ ప్యాచ్ అనే లింఫ్ కణజాలం ఆ పని చేసి, వయసు వచ్చాక కుంచించుకుపోతుంది. లింఫోసైట్లు న్యూట్రోఫిల్స్‌లా ఒకవైపు ప్రయాణం చేయవు. రక్తం, లింఫ్ గ్రంథులు, లింఫ్ నాళాల మధ్య తిరుగుతూనే ఉంటాయి, కొన్ని ఏళ్ల తరబడి బతుకుతాయి. కార్టిసాల్ పెరిగినప్పుడు తగ్గడమంటే ఎక్కువగా ఈ తిరుగుడు ఆగి కణజాలంలో చిక్కుకోవడమే. ఆవులో లింఫోసైట్లు నెలల తరబడి ఎక్కువగా ఉంటే బొవైన్ ల్యూకేమియా వైరస్‌ను అనుమానించాలి. సోకినవాటిలో సుమారు మూడో వంతుకు ఇలా నిలకడగా పెరుగుతాయి, గడ్డలు వచ్చేవి నూటికి ఐదు లోపే. ఆవు లింఫోసైట్లు కొన్ని పెద్దవిగా ఉండి మోనోసైట్లలా కనిపిస్తాయి కాబట్టి యంత్రం ఇచ్చిన మోనోసైట్ సంఖ్యను నమ్మేముందు స్మియర్ చూడండి.

యంత్రం మాట వచ్చింది కాబట్టి, అది కేంద్రకం ఉన్న ఎర్రకణాలను కూడా తెల్లకణాలుగా లెక్కేస్తుంది. యంత్రం 24,000 చూపించి, స్మియర్‌లో ప్రతి 100 తెల్లకణాలకు 40 కేంద్రకమున్న ఎర్రకణాలు కనబడితే, 24,000ను 100తో గుణించి 140తో భాగించండి. అసలు సంఖ్య దాదాపు 17,100. పిల్లిలో గుంపులు కట్టిన ప్లేట్‌లెట్లు ఇలాగే మోసం చేస్తాయి. కోళ్లలో ఎర్రకణాలన్నిటికీ కేంద్రకం ఉంటుంది కాబట్టి మామూలు యంత్రం అక్కరకు రాదు, చేత్తో లెక్కపెట్టాల్సిందే. న్యూట్రోఫిల్ స్థానంలో వాటికి ఎర్రటి రేణువుల హెటరోఫిల్ ఉంటుంది, కుందేలులో కూడా అంతే. దాన్ని ఇయోసినోఫిల్ అని రాసిన రిపోర్టులు తక్కువేం కాదు.

స్మియర్ రక్తం తీసిన వెంటనే చేయండి. గొట్టంలో గంటల తరబడి ఉంటే న్యూట్రోఫిల్స్‌లో బుడగలు వస్తాయి, అవి విషప్రభావపు (టాక్సిక్) మార్పుల్లాగే ఉంటాయి. నిజమైన టాక్సిక్ మార్పు అంటే మూలుగలో హడావుడిగా ఎదిగిన గుర్తు: కణద్రవ్యం నీలంగా మారడం, డోలే బాడీలనే నీలి మచ్చలు, నురగలాంటి బుడగలు. పిల్లిలో ఒకటి రెండు డోలే బాడీలు ఉన్నంత మాత్రాన కంగారు వద్దు, కుక్కలో ఉంటే పట్టించుకోండి.

మీ రెండు కేసుల్లో ఇక చేయాల్సింది: ఆవుకి చికిత్స ఆపకుండా మూడో రోజో నాలుగో రోజో మళ్లీ రక్తం తీయండి. మొత్తం సంఖ్య పైకి లేచి, ఎదిగినవి బ్యాండ్లను దాటితే మూలుగ అందుకున్నట్టే. అప్పటికీ బ్యాండ్లదే పైచేయిగా ఉండి, మైలోసైట్లు కూడా బయటపడుతుంటే యజమానికి ఉన్నమాట చెప్పాలి. కుక్కకి గర్భాశయం తీసేశాక మొదటి రోజుల్లో సంఖ్య 58,000 నుంచి ఇంకా పైకి పోవచ్చు. కణాలు పోవాల్సిన చోటు లేకుండా పోయింది, మూలుగ మాత్రం అదే వేగంతో పంపుతూనే ఉంటుంది. కుక్క తింటూ, జ్వరం లేకుండా, కుట్లు శుభ్రంగా ఉంటే ఆ పెరుగుదల చూసి యాంటీబయాటిక్ మార్చకండి.